కేకు కోసేదాకా నిలబడ్డ మనిషి

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, చేతుల నిండా క్రీము ఉండగా ఫోను మోగింది. తెర మీద "సెంట్రింగ్ అన్న" అని కనబడింది. అంతకు నాలుగు నెలల ముందు ఆ పేరు మీద రెండుసార్లు ఫోను వస్తే నేను ఎత్తలేదు. పెళ్లిళ్ల రోజులు, తీరిక చూసుకుని నేనే చేద్దాంలే అనుకున్నాను. చేయలేదు. ఇప్పుడు మోచేత్తో స్పీకరు నొక్కి, "అన్నా! ఏడ పోయినవ్ ఇన్ని దినాలు? పానం మంచిగైందా?" అన్నాను.

అవతల ఆడగొంతు.

"నేను ఆయన భార్యనమ్మా. ఆయన పోయిండు. దినాలు గూడ అయిపోయినయి. ఫోన్ల ఉన్నోళ్లకు ఒక్కొక్కలకు చెప్పుకుంట వస్తున్న. నీది 'కేకు చెల్లె' అని ఉన్నది."

నేనేమన్నానో గుర్తు లేదు. ఆమె "సరే అమ్మా, ఉంట" అని పెట్టేసింది. ఇంకా చెప్పవలసినవాళ్లు చాలామంది ఉన్నట్టున్నారు. మళ్లీ కేకు ముందుకు వచ్చాను. అప్పటికే చేసిన గులాబీని తీసేసి మళ్లీ చేశాను. అదీ తీసేశాను. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరుగుతుంటే మా ఆయన ఏమైందని అడిగాడు.

"సెంట్రింగ్ అన్న పోయిండట."

"అయ్యో! ఒక్క దగ్గర నిలువని మనిషి, పాపం," అన్నాడు మా ఆయన.

నిజమే. నేనెరిగిన నాలుగేళ్లలో ఆయన కుర్చీలో వెన్ను ఆనించి కూర్చోగా చూడలేదు. టీ ఇస్తే సగం తాగి ఎక్కడో పెట్టి మరిచిపోయేవాడు. ఆయన వెళ్లాక కిటికీ గట్టు మీద ఒకటి, మెట్ల మీద ఒకటి, వ్యాను టాపు మీద ఒకటి, సగం సగం టీ గ్లాసులు దొరికేవి. ఏ గదిలోకి వచ్చినా ముందు పైకప్పు చూసేవాడు, తర్వాత మనుషుల్ని. గోడ కనిపిస్తే బొటనవేలితో నొక్కేవాడు. టేబులు కనిపిస్తే మూల పట్టి ఊపేవాడు. మిట్టమధ్యాహ్నం ఎండలోనైనా నిలబడేవాడు కాని, బాల్కనీ కిందికి వచ్చేవాడు కాదు. "ఎండకు ఎందుకన్నా, గీడికి రా," అంటే, "ఊకెనే" అనేవాడు. చాలా ప్రశ్నలకు ఆయన దగ్గర ఉన్న జవాబు ఆ ఒక్క మాటే.

ఆయనకు పేరుంది. నాకు తెలుసు. ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవగా వినలేదు కనుక ఇక్కడ రాయడం లేదు. ఇంటికి స్లాబు పోసే ముందు కింద బొంగులు, ఇనుప జాకీలు నిలబెట్టి, వాటి మీద రేకులు పరిచి, తడి కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే ఏర్పాటు చేస్తారు కదా, ఆ సెంట్రింగ్ పని ఆయనది. దాదాపు ముప్పై ఏళ్లు చేశాడు. అట్లాంటి మనిషి కేకుల దగ్గరికి ఎట్లా వచ్చాడంటే, నా కేకు ఒకటి కూలిపోవడం వల్ల వచ్చాడు.

నేను సిద్దిపేటలో మా ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను. పిల్లల పుట్టినరోజులతో మొదలుపెట్టాను. వీడియోలు చూసి కొంత, హైదరాబాదులో పదిహేను రోజుల తరగతికి వెళ్లి కొంత నేర్చుకున్నాను. పువ్వులు చేయడం, క్రీము అద్దంలా నున్నగా దిద్దడం వచ్చేశాయి. ఒకదాని మీద ఒకటి నిలబెట్టడం గురించి తరగతిలో చెప్పినప్పుడు మాత్రం నేను పక్కామెతో మాట్లాడుతున్నాను. పెడితే అదే కూర్చుంటుంది, దానికి నేర్చుకునేదేముంది అనుకున్నాను.

మొదటి రెండంతస్తుల కేకు గజ్వేల్‌కు. కూరగాయల వ్యాపారం చేసే దంపతుల పాతికేళ్ల పెళ్లిరోజు. కిందది నాలుగు కిలోలు, పైది రెండు కిలోలు, చుట్టూ గులాబీలు. మా పాత వ్యాను వెనక సీటు మీద పెట్టుకుని బయల్దేరాను. మా గల్లీ మలుపు దాటి పెద్ద రోడ్డెక్కేలోపే వెనక ఏదో మెత్తగా కుంగినట్టు అనిపించింది. ఆపి చూస్తే పై కేకు ఒక పక్కకు ఒరిగి, కిందిదానిలోకి సగం దిగిపోయి ఉంది. కిందిది పక్కలు చీలింది. గులాబీలు సీటు సందుల్లో పడ్డాయి. వ్యానును వెనక్కి తిప్పి, మా వాకిట్లో ఆపి, తలుపు తెరిచి, దాని ముందే నేల మీద కూలబడ్డాను.

మా పక్క ఖాళీ జాగాలో అప్పుడు ఇల్లు కడుతున్నారు. ఆయన అక్కడ మేస్త్రి. మా నల్లా దగ్గర మంచినీళ్లు పట్టుకోవడానికి బిందెతో వచ్చి ఆగిపోయాడు. యాభై దాటిన మనిషి. బక్కగా, పొడుగ్గా ఉన్నాడు, తలకు తువ్వాల. ఆయన నా ఏడుపు చూడడం లేదు, వ్యాను లోపల చూస్తున్నాడు.

"కింద ఏం పెట్టినవ్ చెల్లె?"

"దేని కింద?"

"పైదాని కింద."

"ఏం పెడ్తరు? కేకు మీద కేకు పెట్టిన."

"మరెట్ల నిలబడ్తది?"

నాకు ఒళ్లు మండింది. "అన్నా, నీ నీళ్లు నువ్వు పట్టుకపో," అన్నాను.

ఆయన పోలేదు. బిందె పక్కన పెట్టి, నల్లా కింద మోచేతులదాకా కడుక్కుని వచ్చి, "చాకు ఉన్నదా?" అని అడిగాడు. ఎట్లాగూ పాడైన కేకే కదా అని ఇచ్చాను. ఒరిగినదాన్ని నిలువునా కోసి, తలుపు తీసినట్టు తీసి లోపల చూపించాడు.

"సూడు. గిది తడి మన్ను లెక్క మెత్తగున్నది. దీని మీద ఇటుక పెడితె ఏమైతది? దిగుతది. పైదాని బరువు కిందిదాని మీద పడొద్దు. కిందిదాంట్ల పుల్లలు గుచ్చాలె, పుల్లల మీద పలక ఉండాలె, పలక మీద పై కేకు ఉండాలె. గప్పుడు కింది కేకుకు తన మీద ఒకటి ఉన్నదన్న సంగతే ఎరుకుండదు."

ఆ రోజు గజ్వేల్‌కు రెండు మామూలు కేకులు పట్టుకుని పోయాను. ఆ దంపతులు నన్ను ఒక్క మాటా అనలేదు. కాని ఆమె కేకును ఫొటో తీసుకోలేదు.

వారం తర్వాత ఇంకో రెండంతస్తుల ఆర్డరు వచ్చింది. ఒప్పుకునే ముందు గోడ దగ్గరికి వెళ్లి ఆయన్ని పిలిచాను. పని ముగించుకుని, చేతిలో రెండు వెదురు ముక్కలతో వచ్చాడు.

"అయ్యో! కడుపులకు పోయేదాంట్ల గవి పెడ్తరా అన్నా? సిమెంటు మరకలున్నయి!" అని అరిచాను.

నవ్వాడు. పైన రెండు పళ్లు లేవు. తరగతిలో ఇచ్చిన సంచీ వెతికి లావుపాటి స్ట్రాలు తెచ్చి చూపించాను. ఒకటి తీసుకుని వేళ్ల మధ్య నొక్కి, "గిది జ్యూసు తాగేది గదా," అని పారేయబోయాడు. మళ్లీ ఏమనుకున్నాడో, మిగిలిపోయిన కేకు ముక్కలో నాలుగు స్ట్రాలు నిలువుగా గుచ్చి, సరిగ్గా కేకు ఎత్తుకు కత్తిరించి, పైన అట్ట పెట్టమన్నాడు. పక్కింటి నుంచి ఇటుకలు తెచ్చి, కవర్లలో చుట్టి, ఒకటి పెట్టాడు. నిలబడింది. రెండోది పెట్టాడు. నిలబడింది. మూడోది పెట్టి, మా వంటింటి బండల మీద బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి చూశాడు.

"ఓయమ్మ! నిలువుగ ఉంటె ఎంత మోస్తున్నదో సూడు చెల్లె. జర వంగితె ఇగ సచ్చినట్టే."

అంతటితో ఆగలేదు. ఇటుకలు దించి, ఒక స్ట్రాను గోరంత పొట్టిగా కోసి, మళ్లీ అన్నీ పెట్టాడు. ఒక్క క్షణం ఆగి, మూడు ఇటుకలూ ఆ పక్కకే ఒరిగి బండల మీద పడ్డాయి. పక్క గదిలోంచి మా అత్తమ్మ ఏం పగిలిందని కేకేసింది. ఆయన మాత్రం పండగ చేసుకున్నట్టు నవ్వుతున్నాడు.

ఆ తర్వాత పక్కిల్లు పూర్తయిపోయింది. ఆయన పనులు ఊరి నలుమూలలా ఉండేవి. అయినా అంతస్తుల కేకు ఉన్న రోజు ఆ పని మానుకుని మా ఇంటికి వచ్చేవాడు. వచ్చీ రాగానే మా వ్యాను వెనక సీటు పీకించాడు. సీటు వాలుగా ఉంటుంది, మనిషికి మంచిదే కాని కేకుకు కాదు అన్నాడు. కింద జారని రబ్బరు పరిచాడు. ఎండాకాలమైతే థర్మకోల్ పెట్టెలో, గడ్డకట్టించిన నీళ్ల సీసాల మధ్య కేకు. మూడంతస్తులదైతే మూడూ మూడు పెట్టెల్లో పోవాలి, అక్కడికి వెళ్లాకే ఒకదాని మీద ఒకటి పెట్టాలి, అన్నీ పెట్టాక నడుమ నిలువునా ఒక కర్ర దించాలి. వీటిలో ఏదీ మారడానికి వీల్లేదు. కేకును ఎప్పుడూ చేత్తో తాకేవాడు కాదు. పలక కింద రెండు చేతులు పెట్టి ఎత్తేవాడు. నేను నడుపుతుంటే ఆయన వెనక, పెట్టెల పక్కన గొంతుక్కూర్చుని, "ఆగు... పో... మెల్లగ... ఆగు" అంటూ ఉండేవాడు. మొదట్లో చిరాకేసేది. నాకు బండి నడపడం రాదా?

ముందురోజు చెప్పాపెట్టకుండా బస్సెక్కి పోయి ఫంక్షన్ హాలు చూసి వచ్చేవాడు. కేకు పెట్టబోయే టేబులు మీద నీళ్ల సీసా పడుకోబెట్టి దొర్లుతుందేమో చూసేవాడు. అంతటితో నమ్మకం కుదరకపోతే తానే ఎక్కి కూర్చునేవాడు. గజ్వేల్‌లో ఒక హాలు మేనేజరు, గులాబీరంగు సిల్కు గుడ్డ కప్పిన టేబులు మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చున్న ఈయన్ని చూసి నాకు ఫోను చేశాడు. "మేడం, ఎవడో పిచ్చోడు మీ పేరు చెప్తుండు," అని. మా మనిషే అన్నాను. ఫోను పెట్టేశాక ఎంత నవ్వుకున్నానో.

ఇవన్నీ భరించాను. భరించలేకపోయింది ఒక్కటే. కేకు అప్పజెప్పాక ఆయన కదిలేవాడు కాదు. హాల్లో ఏ స్తంభం పక్కనో, తెర వెనకనో నిలబడి, కాళ్లు మార్చుకుంటూ, కేకు వైపే చూస్తూ ఉండేవాడు. అక్కడ పాటలు, ఉపన్యాసాలు, ఫొటోలు. గంట, గంటన్నర.

"అన్నా, ఫొటో తీసినం, ఒప్పజెప్పినం. నాకు ఇంకో డెలివరీ ఉన్నది. పోదాం పా."

"కోయని."

"కోస్తె మనకేంది, కోయకుంటె మనకేంది? వాళ్లది అయిపోయింది అది."

"కోసేదాక మనదే చెల్లె."

కత్తి దిగిన మరుక్షణం ఆయన వెనక్కి తిరిగేవాడు. ఎవరు ఎవరికి తినిపించారో, ఎవరు చప్పట్లు కొట్టారో ఎన్నడూ చూడలేదు.

ఇంకోటి కూడా ఉంది. సిద్దిపేటలోనే ఒక గల్లీ గుండా బండి పోనిచ్చేవాడు కాదు. అటు పోతే అయిదు నిమిషాల్లో పెద్ద రోడ్డెక్కొచ్చు. "గట్ల వద్దు. చుట్టు తిరిగి పో," అనేవాడు. ఎందుకంటే, "ఊకెనే."

ఇప్పుడు కొండపాక దగ్గరి ఊళ్లో జరిగిన పెళ్లి గురించి చెప్పాలి. చెప్పకుండా ఇక్కడితో ముగించవచ్చు. ఆయన గురించి నవ్వుతూ చెప్పుకోవడానికి ఇంకా చాలా ఉన్నాయి. కాని ఈ నెల రోజులుగా నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది అదే.

రెండేళ్ల కిందట, ఎండలు ముదిరిన రోజులు. పెళ్లికూతురి తల్లి పొలం పనులకు పోయే మనిషి. చర్చి పెళ్లి. ఆమె ఫోనులో ఒక ఫొటో పట్టుకుని మా ఇంటికి తానే వచ్చింది. మూడంతస్తుల తెల్ల కేకు. "నా బిడ్డ ఒక్కటే అడిగిందమ్మా. చీర గూడ అడగలే," అంది.

ఆ ఊళ్లో టెంటు కింద ఒక పక్కగా టేబులు వేశారు. మేము మూడూ నిలబెట్టి, కర్ర దించి, పైన పూలగుత్తి పెట్టేసరికి చర్చి నుంచి అందరూ వచ్చేశారు. పెళ్లికొడుకు వైపు పెద్దమనిషి ఒకాయన కేకు చూసి మెచ్చుకున్నాడు. తర్వాత స్టేజీ వైపు చూశాడు.

"ఇది గీడెందుకున్నది? వీడియో స్టేజీ మీద గదా. టేబులుతోటే ఎత్తి పైన పెట్టున్రి."

సెంట్రింగ్ అన్న అప్పటికే స్టేజీ చుట్టూ తిరిగి చూసి వచ్చాడు. ఇనుప చట్రం మీద పలకలు, పైన ఎర్ర తివాచీ.

"ఆగున్రి సారు. స్టేజీ పలకలు ఊగుతున్నయి. గిట్ల లేపితె ఆగదు," అన్నాడు.

"ఏం కాదు. పది అడుగులు. నలుగురు పట్టుకుంటరు."

"ఆగున్రి. ఒక్కొక్కటి దించి పెడ్త. పది నిమిషాలు."

"నువ్వెవనివయా నడుమ?"

నలుగురు వచ్చి టేబులు కాళ్ల దగ్గర వంగారు. ఆయన వాళ్లకు అడ్డంగా వచ్చి, రెండు చేతులూ చాపి, "ఆగున్రి అంటున్న గదా!" అని అరిచాడు. మైకులో పాట ఆగిపోయింది. భోజనాల దగ్గర ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. పెళ్లికూతురి తల్లి నా చేయి పట్టుకుంది. "జర ఏమన్న చెయ్యమ్మా. వాళ్లకు కోపమొస్తే నా బిడ్డకు కష్టమైతది," అంది.

అప్పుడు నేను ముందుకు వెళ్లి ఆయనతో అన్నాను. "నీకెందుకు గివన్ని? నీ పని మోసుడు. మోసి పక్కకుండు."

అన్నా అని కూడా అనలేదు.

చాపిన చేతులు దించాడు. తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. నన్ను కాక, కేకును చూస్తూ అన్నాడు.

"మోసెటోన్నే. మోస్త. ఒక్కొక్కటి మోస్త."

ఎవరూ ఇంకో మాట అనేలోపే పూలగుత్తి తీసి, నడుమ కర్ర పైకి లాగి, పై అంతస్తును పలకతో సహా ఎత్తి నా చేతుల్లో పెట్టాడు. రెండోదాన్ని, కిందిదాన్ని కూడా తీసి పక్కన ఇంకో బల్ల మీద పెట్టాడు. స్టేజీ కిందికి దూరి, బయట పొయ్యికి వాడిన రాళ్లు రెండు తెచ్చి పలక కింద దోపాడు. ఖాళీ టేబులు పైకి ఎక్కించాడు. ఒక్కొక్క అంతస్తు మోసుకుపోయి మళ్లీ నిలబెట్టాడు. పెద్దమనిషి మాటిమాటికీ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. పై అంతస్తు పట్టుకుని నేను స్టేజీ ఎక్కినప్పుడు, అన్న రాయి పెట్టని చోట నా కాలి కింద పలక కుంగి పైకి లేచింది. నలుగురు మనుషులు, టేబులు, పన్నెండు కిలోల కేకు ఒక్కసారే ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఆ ఒక్క అడుగులో తెలిసిపోయింది. ఎదురుగా పెళ్లికూతురు కొత్త చెప్పుల్లో నిలబడి కేకునే చూస్తోంది.

కేకు కోసే వేళయింది. ఆయన స్టేజీ వెనక గుడ్డ పక్కన నిలబడ్డాడు. కత్తి దిగింది. ఆయన వెళ్లి వ్యాను దగ్గర నిలుచున్నాడు.

తిరిగి వస్తుంటే ముందు సీటు ఖాళీగానే ఉంది. ఆయన మాత్రం ఎప్పటిలాగే వెనక, ఖాళీ పెట్టెల మధ్య గొంతుక్కూర్చున్నాడు. ఆగు, పో అనడం లేదు. అద్దంలో చూస్తూ వచ్చాను. తప్పయిందని పెద్ద రోడ్డెక్కాక చెబుదాం అనుకున్నాను. ఎక్కాక, ఊళ్లోకి వచ్చాక చెబుదాం అనుకున్నాను. మార్కెట్ దగ్గర దిగి, "ఉంట చెల్లె," అని వెళ్లిపోయాడు. ఆ పిలుపులో ఏ తేడా లేదు. తేడా ఉండి ఉంటే నాకు కొంచెం నిమ్మళంగా ఉండేది.

నెల గడిచింది. ఇంకో కేకు పట్టుకుని పోతుంటే ఊళ్లో రోడ్డు తవ్వి ఉంది. ఎటు చూసినా అడ్డాలే. మిగిలిన దారి ఆయన వద్దనే ఆ గల్లీ ఒక్కటే.

"అన్నా, గిటే పోవాలె. వేరే తొవ్వ లేదు."

పెట్టెలను రెండు చేతులతో దగ్గరికి పట్టుకున్నాడు. తర్వాత, "పో," అన్నాడు.

గల్లీ సగంలో ఉండగా వెనక నుంచి గొంతు వచ్చింది. "గా ఆకుపచ్చ గేటు ఇల్లు నేను కట్టిందే. ముంగట పోర్టికో స్లాబు పోసి ఎక్కువ దినాలు కాలే. ఇంకో వారం జాకీలు ఉంచాలె అన్న. గృహప్రవేశమున్నది, చుట్టాలొస్తరు, తీసెయ్ అన్నడు ఇంటాయన. ఆగున్రి సారు అన్న. మెల్లగ, గుంత ఉన్నది. రెండోసారి గూడ అన్న. నువ్వు నాకు చెప్పేటోనివా అన్నడు. మూడోసారి అనలే. తీసిన."

"ఏమైందన్నా?"

"కూలికొచ్చినామె ఒకామె సద్ది తినేతందుకు గా స్లాబు కింద నీడకు కూసున్నది."

వ్యాను ఆపేశాను. వెనక్కి తిరగబోయాను.

"ఆపకు. క్రీము కరుగుతది. కుడిదిక్కు తిప్పు."

తిప్పాను. కొండపాక పెళ్లిలో ఆయన మూడుసార్లు ఆగమన్నాడు. మూడోసారికే నేను నోరు మూయించాను. తప్పయిందన్నా అని చెప్పాలనుకున్నాను. కాని పైకి వచ్చింది వేరే మాట. "నీ తప్పు గాదన్నా."

"అందరు గట్లనే అంటరు," అన్నాడు.

ఇంకో ఏడాదిన్నర వచ్చాడు. చివరి ఆరు నెలలు దమ్ముతో, ఊపిరాడక బాధపడ్డాడు. దగ్గు వస్తే కేకు ఉన్న వైపు కాక అటు తిరిగి, మోచేయి అడ్డం పెట్టుకుని దగ్గేవాడు. ఆఖరిసారి ఎర్రవల్లిలో ఒక పాప మొదటి పుట్టినరోజుకు వచ్చాడు. నిలబడడానికి టెంటు తాడు పట్టుకోవలసి వచ్చింది. కుర్చీ తెచ్చి వేశాను. దాని వీపు మీద ఒక చేయి ఆనించాడు కాని కూర్చోలేదు. తర్వాత ఆయన రాలేదు. నేను వేరే మనిషిని కుదుర్చుకున్నాను. ఆ రెండు ఫోన్లు వచ్చింది అప్పుడే.

ఆయన పోయాడని తెలిశాక వాళ్లింటికి వెళ్లాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. మూడో రోజు పొద్దున్నే బయల్దేరాను. చేతిలో ఏం పట్టుకెళ్లాలో తెలియక పండ్లు కొన్నాను. ఊరి చివర కాలనీలో రెండు గదుల రేకుల ఇల్లు. నా చూపు పైకి పోవడం ఆయన భార్య గమనించింది.

"స్లాబు ఏద్దామంటె ఆయననే వద్దన్నడు," అంది.

ఆమె బీడీలు చేస్తుంది. ఆకుల చాట గోడ పక్కన పెట్టి చాప పరిచింది. నేను వదినా అని పిలిచాను. ఆమె దవాఖానలో ఆఖరి రోజుల గురించి కొంత చెప్పింది. మంచం మీద పండుకోబెడితే లేచి మంచం కోళ్లు ఊపి చూసేవాడట. సిస్టరమ్మలు తిట్టేవాళ్లట. చెబుతూ చెబుతూ చిన్నగా నవ్వింది.

"నీ గురించి శాన చెప్పెటోడమ్మా. గా కొండపాక దిక్కు పెండ్లి దినమైతె మురుసుకుంట వచ్చిండు. 'వాళ్లు నా మాట ఇనలే. చెల్లె ముంగటికొచ్చి, మా మేస్త్రి ఎట్ల చెప్తె అట్లనే చెయ్యాలె, లేకుంటె కేకు వాపస్ తీస్కపోత అన్నది. అందరు ఆగిన్రు' అన్నడు."

నా చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. కింద పెట్టాను. బయట ఎవరిదో బండి పోతోంది, అది పోయేదాకా ఆగాను. ఊరుకుంటే అయిపోయేది. అవును వదినా, అట్లనే అన్న అంటే ఆమెకు తృప్తి, నాకు మర్యాద. ఆయనే ఇచ్చిపోయిన మర్యాద. ఎందుకిచ్చాడు? నా మీద దయతోనా, తన పరువు కోసమా? లేక అట్లా జరిగితే బాగుండేదని చెప్పి చెప్పి తనే నమ్మాడా? ఇప్పుడు ఎవరిని అడిగేది?

"లేదు వదినా," అన్నాను. "నేను గట్ల అనలే. నీ పని మోసుడు, మోసి పక్కకుండు అన్న. అందరి ముంగట అన్న."

ఆమె నా వైపు చూసింది. ఎక్కువసేపేమీ కాదు.

"ఎరుకే," అంది.

నాకు అర్థం కాలేదు.

"మా ఆడిబిడ్డను ఇచ్చింది గా ఊరికే. గా పెండ్లిల ఉండె. తెల్లారే వచ్చి ఏడ్చుకుంట చెప్పింది, సగం సగం."

"మరి ఆయనను అడగలేదా?"

"ఏమని అడుగుదు? ఆయన అట్ల చెప్పుకున్నడు, నేను అట్లనే ఇన్న. ఒక్కసారి గాదు, ఐదారు సార్లు చెప్పిండు. చెప్పినప్పుడల్ల నీ మాట ఇంత పెద్దగైతుండె. నేను ప్రతిసారి కొత్తగ ఇన్నట్టె ఇన్న."

"నా మీద కోపం రాలేదా వదినా?"

"రాకేంది? వచ్చింది." చాప అంచున రాలిన ఆకు ముక్క ఒకటి తీసి చాటలో వేసింది. "ఇప్పటికి ఉన్నది."

లేచి లోపలికి పోయింది. నేను వెళ్లిపోవాలేమో అనుకుని నేనూ లేచాను. చెప్పులు వేసుకోబోతుంటే పళ్లెంలో అన్నం, పప్పు పట్టుకుని వచ్చింది.

"కూసో. పొద్దుగాల్నుంచి ఏం తిననట్టున్నది నీ మొఖం."

కూర్చున్నాను. ఆమె నా ఎదురుగా కూర్చుంది.

"తినుకుంట చెప్పు," అంది. "ఆయన చెప్పింది ఇన్న, ఆడిబిడ్డ చెప్పింది ఇన్న. నువ్వు దగ్గరున్నదానివి. వాళ్లేమన్నరు, నువ్వేమన్నవు, ఆయనేమన్నడు, జరిగింది జరిగినట్టు చెప్పు. ఏం దాయకు."

చెప్పాను. మొదటి నుంచి, ఆ తల్లి ఫొటో పట్టుకుని మా ఇంటికి రావడం నుంచి చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక కొంగుతో కళ్లు ఒత్తుకుని, పళ్లెంలోకి చూసి, ఇంకో గరిటె పప్పు వేసింది.